ఆరు కాళ్ల నడక

గుర్రాల కొట్టం పెట్టాలనుకుంటున్నాం, అనుభవం ఉన్నవాడివి నాలుగు మాటలు చెప్పమని ఈ మధ్య కుర్రాళ్లు నా దగ్గరికి వస్తున్నారు. పెళ్లికొడుకును ఊరేగించే తెల్ల గుర్రానికి గిరాకీ బాగుందట. వాళ్లకు ముందుగా నేను చెప్పేది ఒకటే: వద్దు నాయనా, మేకలు పెట్టుకోండి. మేక పెళ్లికొడుకును మోయక్కర్లేదు, డీజే చప్పుడుకు బెదరదు, ఏదీ కాకపోతే కూరకైనా వస్తుంది. ఈ మాట విన్నాక కూడా లేవకుండా కూర్చున్నవాళ్లకు టీ ఇప్పిస్తాను. ఇక్కడ రాసేది ఆ టీ దాకా ఆగినవాళ్ల కోసం.

నా పేరు దస్తగిరి. పామిడిలో ఉత్త దస్తగిరి అని అడిగితే ఎవరికీ తెలియదు. కుంటి దస్తగిరి అంటే చిన్నపిల్లలు కూడా పెన్న ఒడ్డు వైపు వేలు చూపిస్తారు. పసితనంలో పోలియో వచ్చి కుడి కాలు సన్నబడిపోయింది. మోకాలు దానంతట అది నిలవదు. అడుగు వేసిన ప్రతిసారీ కుడి చేత్తో తొడను నొక్కి పట్టాలి, లేకపోతే మడత కుర్చీలా కూలబడతాను. దస్తగిరి అంటే చెయ్యందించి ఆదుకునేవాడని మా పెద్దలు చెప్పేవారు. నా చెయ్యి నా తొడను ఆదుకోవడానికే సరిపోయింది. మొదట నన్ను కుంటివాడన్నారు, తర్వాత వికలాంగుడన్నారు, ఇప్పుడు దివ్యాంగుడంటున్నారు. పేరు మార్చినప్పుడల్లా కాలు తడిమి చూసుకున్నాను. అదే కాలు.

కుడి పక్క

గుర్రాన్ని నడిపించే మనిషి దానికి ఎడమ పక్కన ఉండి, కుడి చేత్తో పగ్గం పట్టుకుంటాడు. నేను చూసినంతలో అందరూ ఇలాగే చేస్తారు. నా కుడి చెయ్యి తొడకు కాపలా కాస్తుంది కనుక పగ్గానికి మిగిలింది ఎడమ చెయ్యి. అంటే గుర్రం నాకు ఎడమ పక్కకు రావాలి, నేను దానికి కుడి పక్కకు పోవాలి. నేను మారే వీలు లేదు కాబట్టి గుర్రాలే మారాయి. మా కొట్టంలో జీను వేసేది కుడి పక్కనుంచి, కళ్లెం తొడిగేది కుడి పక్కనుంచి, పెళ్లికొడుకును ఎక్కించేదీ కుడి పక్కనుంచే. ఎడమనుంచి ఎక్కబోతే మా గుర్రాలు 'ఎవడ్రా నువ్వు' అన్నట్టు తల తిప్పి చూసేవి. జనం మాకు తిరకాసు కొట్టం అని పేరు పెట్టారు.

ఎవరైనా గట్టిగా అడిగితే, పెళ్లికొడుకు కుడినుంచి ఎక్కితే శుభమని ఒక మాట పుట్టించాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. కొన్నాళ్లకు వేరే కొట్టాలవాళ్లు కూడా కుడినుంచే ఎక్కించడం మొదలుపెట్టారు. సగం శాస్త్రాలు ఇలాగే పుట్టి ఉంటాయని నా అనుమానం.

ఈ కుడి పక్కే ఒకసారి నా కొట్టానికి తాళం వేయించబోయింది, నా గుర్రాన్ని నా చేతిలోంచి లాక్కుపోబోయింది. ఆ సంగతికి వస్తాను. ముందు ఈ పనిలోకి ఎలా వచ్చానో చెప్పాలి.

గుడ్డి గుర్రం పళ్లు

మా నాయన బస్టాండు దగ్గర జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చి జట్కాలను మింగుతున్న కాలం అది. మాకు మిగిలింది ఒకే ఒక్క ముసలి గుర్రం, దానికి ఒక కన్ను లేదు. పనీపాటా లేనివాడిని చూస్తే మనవాళ్లు 'గుడ్డి గుర్రం పళ్లు తోముతున్నావా' అంటారు కదా. నేను నిజంగానే తోమేవాడిని. అందుకని ఆ మాటతో నన్ను ఎవరూ తిట్టలేకపోయారు. గుర్రం గుడ్డిదైనా దాణా తక్కువ తినదని కూడా అప్పుడే తెలిసింది.

అప్పట్లో కాలు బాగాలేని ప్రతివాడికీ ఊరు చెప్పే సలహా ఒకటే, ఎస్టీడీ బూతు పెట్టుకోమని. బూతులు నాకు ఎలాగూ ధారాళంగా వచ్చు, వాటికి అద్దె గది ఎందుకని నేను ఎగతాళి చేసేవాడిని. మా మేనమామ మాత్రం నాయన వెంటపడ్డాడు.

"దస్తగిరికి బూతు పెట్టిచ్చు బావా. నీడపట్టున కూచోనుంటాడు. కాలు లేనోనికి గుర్రమెందుకు?"

నాయన బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "కాలు లేనోనికే గదప్పా గుర్రం గావాల్సింది. కాళ్లుండేటోనికి ఎందుకు?"

నాకు తెలిసి నా వృత్తికి అంతకంటే మంచి సమాధానం ఇప్పటికీ లేదు. జట్కాలు పోయాయి. ఎస్టీడీ బూతులూ పోయాయి. పెళ్లికొడుకు గుర్రం మాత్రం మిగిలింది, ఎందుకంటే ఆటో ఎక్కి వచ్చే వరుడిని ఏ పెళ్లివాళ్లూ వీడియో తీయించరు. నాయన పోయాక నేను ఆ ముసలి గుర్రానికి తోడు బళ్లారి వైపు నుంచి ఒక తెల్ల గుర్రాన్ని తెచ్చి, పెన్న ఒడ్డున రేకుల కొట్టం వేశాను.

పెన్నలో నీళ్లు రావాలని ఊరంతా మొక్కుతుంది. నేను కూడా మొక్కేవాడిని, కాకపోతే మరీ గట్టిగా కాదు. నీళ్లు లేని పెన్న అంటే మైళ్ల కొద్దీ మెత్తని ఇసక. గుర్రాన్ని తిప్పడానికి అంతకంటే మంచి చోటు రాజులకు కూడా ఉండదు. కరువు సీమలో కరువు వల్ల బాగుపడ్డది నేనొక్కడినే అయ్యుంటాను.

పడటం ఒక విద్య

కాలో చెయ్యో బాగాలేనివాళ్లు ఈ పనిలోకి రావాలనుకుంటే నా మొదటి సలహా, పడటం నేర్చుకోండి. ఎలాగూ పడతారు. పడటం తప్పు కాదు, పడినప్పుడు గుర్రం పారిపోవడం తప్పు. అందుకని కొత్త గుర్రం వచ్చినప్పుడల్లా దాన్ని పెన్న ఇసకలోకి తీసుకుపోయి, పగ్గం పట్టుకునే, కావాలని దబ్బున పడేవాడిని. మొదటిసారి గుర్రం ఎగిరి పడుతుంది. రెండోసారి చెవులు నిక్కబొడుస్తుంది. కొన్నాళ్లకు విసుగొచ్చి, మనం లేచేదాకా అక్కడే నిలబడుతుంది. గుర్రానికి నేర్పే చదువంతా విసుగు పుట్టించడమే.

ఒకరోజు నేను ఇలా పడి లేస్తూ ఉంటే, వంతెన మీద పోతున్న ఒకాయన చూసి మోటార్ సైకిల్ ఆపి పరిగెత్తుకొచ్చాడు. మూర్ఛ అనుకున్నాడు. తాళాల గుత్తి నా గుప్పిట్లో కుక్కాడు.

"ఇనుము గట్టిగా పట్టుకో అన్నా. ఎర్రగడ్డ యాడన్నా దొరుకుతాదేమో సూసొస్తా." ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ, వాసన చూపించడానికి.

"నాకేం కాలేదప్పా. నేర్పిస్తాండా."

"ఏంది నేర్పిచ్చేది?"

"పడేది."

ఆయన నన్ను చూశాడు, గుర్రాన్ని చూశాడు, తాళాలు లాక్కుని వెళ్లిపోయాడు. మూర్ఛ తలకెక్కిందని ఊళ్లో చెప్పినట్టు తర్వాత తెలిసింది.

మిగతావి చిన్న సంగతులు. కొట్టంలో మేకులన్నీ కూర్చున్న మనిషికి అందే ఎత్తులో కొట్టించండి. గోడ పొడుగునా ఒక ఇనుప పైపు వేయించండి, అది మీకు రెండో కాలు. కళ్లెం కోసం తల వంచడం గుర్రానికి నేర్పండి, దానికి బెల్లం ముక్క చాలు. నా భార్య హుసేన్‌బీ, నేను కూడా బెల్లానికే తల వంచుతానని అంటుంది. ఇక జాలి సంగతి. జనం జాలి చూపిస్తే కాదనకండి, పేడ తట్ట ఎత్తమనండి. నిజంగా జాలి ఉన్నవాడు ఎత్తుతాడు. లేనివాడు మళ్లీ రాడు. రెండూ లాభమే.

షామియానా మల్లన్న

గుర్రాలు నావైనా మొదట్లో పెళ్లిళ్లు నావి కావు. ఉరవకొండలో షామియానాలు, బ్యాండు మేళం నడిపే మల్లన్న ఉండేవాడు. పెళ్లివాళ్లు ఆయన్ను అడగాలి, ఆయన నన్ను పిలవాలి. కాబట్టి ఆయనే నాకు పైఅధికారి. మొదటి పెళ్లి రోజే నన్ను పక్కకు పిలిచాడు.

"దస్తగిరీ, నువ్వు మంచోనివే. అయితే పెండ్లిలో ఎదురు రావద్దప్పా. శకునం బాగుండదని పెద్దోళ్లు గొణుగుతాండారు."

"నేను యాడ ఎదురొస్తాండా అన్నా? ఎదురొచ్చేది గుర్రం. నేను పక్కన ఉండా."

"ఆ పక్కనే, ఫొటో తీసేటోనికి కనపడకుండా ఉండు."

సరేనన్నాను. అప్పటినుంచి మెరవణి మొత్తం, అంటే ఊరేగింపు మొత్తం, నేను గుర్రం మెడ చాటున నడిచేవాడిని. ఫొటోలు తీసేవాడు అటు పక్క, నేను ఇటు పక్క. తల దాచుకున్నాను గానీ కాళ్లెక్కడ దాచను? ఆ రోజుల్లో ఉరవకొండ పెళ్లి ఆల్బంలు చూడండి, ప్రతి గుర్రానికీ ఆరు కాళ్లుంటాయి. వాటిలో ఒకటి సన్నగా ఉంటుంది. ఒక పెళ్లికూతురి తండ్రి ఆల్బం తెచ్చి, డబ్బులిచ్చింది మామూలు గుర్రానికి, ఇదేం గుర్రమని మల్లన్నతో తగువేసుకున్నాడు. మల్లన్న ఏం చెప్పాడో తెలుసా? "ఎక్కువే ఇచ్చినా గదప్పా, తక్కువియ్యలేదు."

నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ మెడ చాటు నడక నాకు మంటగానే ఉండేది. మనం తెచ్చిన గుర్రం మీద ఊరేగుతూ మన మొహం మాత్రం చూడకూడదంటే ఎవరికి మండదు? అదే మల్లన్న, వానలు పూర్తిగా ఎగ్గొట్టి మేత దొరకని ఏడు, నేను అడక్కుండానే ట్రాక్టరు నిండా వేరుశనగ కట్టె, అంటే కాయలు తీసేశాక మిగిలే ఎండు మేత, తోలించాడు. ఎందుకన్నా అంటే, "నీకు గాదులే, ఆరు కాళ్లదానికి" అన్నాడు. అప్పటినుంచి ఏ మనిషినీ ఒక్క మాటతో తూచడం మానేశాను. గుర్రాన్ని కూడా ఒక్క అడుగు చూసి తూచకూడదని తెలుసుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

చుక్కి

ఇక అసలు సంగతి. చుక్కి మా కొట్టంలో పుట్టిన ఆడ గుర్రం. తెల్లని ఒళ్లు, నుదుటి మీద నల్లని చుక్క. దిష్టి చుక్క దేవుడే పెట్టి పంపాడని హుసేన్‌బీ అనేది. పిల్లగా ఉన్నప్పటినుంచి దాని పగ్గం నా ఎడమ చేతిలోనే ఉంది. వేరే గుర్రాలను పనివాళ్లు కూడా తిప్పేవారు, దీన్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ముద్దు అనుకోండి, స్వార్థం అనుకోండి.

దాని ఓపిక ఎంతటిదో ఒక్క సంగతి చెబుతాను. తొలకరి వాన పడిన మర్నాడు వజ్రకరూరులో ఒక పెళ్లి. వాన పడితే అక్కడ చేలల్లో వజ్రాలు తేలతాయని జనం నేలకేసి చూస్తూ తిరుగుతారు. మెరవణి చేల పక్కకు రాగానే డోలు వాయించేవాడికి ఏదో మెరిసినట్టనిపించింది. డోలు దించి చేలోకి దిగాడు. వాడి వెనక సన్నాయి, సన్నాయి వెనక పెళ్లికొడుకు బావమరదులు. కాసేపటికి రోడ్డు మీద మిగిలింది నేను, చుక్కి, దాని మీద పెళ్లికొడుకు.

"అన్నా, రోంత దించన్నా, నేనూ సూసొస్తా" అన్నాడు పెళ్లికొడుకు.

"గమ్మునుండు సామీ. నీకు దొరికే వజ్రం మండపంలో కూచోనుండాది."

వాళ్లంతా గాజు పెంకులు ఏరుకుని తిరిగొచ్చేదాకా చుక్కి తోక కూడా విదల్చలేదు. అలాంటి గుర్రం అది.

అలాంటి గుర్రం మీదే మచ్చ పడింది. ఉరవకొండలో ఒక పెళ్లి మెరవణిని ఎవరో ఫోనులో తీసి, 'కుంటోని చేతిలో కుంటి గుర్రం' అని రాసి, కింద ఒక ఏడుపు పాట పెట్టి వదిలారు. అది ఊళ్లన్నీ తిరిగి మా ఇంటికొచ్చింది. తెచ్చింది మా తమ్ముడి కూతురు రేష్మ. డిగ్రీ అయిపోయి, కొట్టం పనుల్లో నాకు సాయానికి వస్తుండేది.

"పెద్నాయనా, ఇది సూడు. తిట్టొద్దు."

నేను తిట్టడానికే నోరు తెరిచాను. కానీ చూశాక తిట్టడం మరిచి మళ్లీ మొదటినుంచి పెట్టమన్నాను. ఇన్నేళ్లూ నేను చుక్కి పక్కనే నడిచాను. ఎదురుగా నిలబడి అది నడవడం ఒక్కసారీ చూడలేదు. వీడియోలో అది ముందు కాలు వేస్తోంది, ఆగుతోంది, తల కొంచెం దించుతోంది, తర్వాత ఇంకో అడుగు వేస్తోంది. మళ్లీ ఆగుతోంది. సంతలో గుర్రాలు కొనేటప్పుడు ఆ తల దించడం చూసే ఎన్నింటినో వద్దన్నాను. అది కుంటి గుర్రం నడక. నా గుర్రం నిజంగానే కుంటుతోంది.

కాళ్లు నాలుగూ వేళ్లతో నొక్కి చూశాను. వేడి లేదు, వాపు లేదు. లాడాలు కొట్టే ఖాజాను పిలిపించి లాడాలు ఊడదీయించాను. గిట్టల్లో మేకు లేదు, రాయి లేదు. ఏమీ దొరకనందుకు సంతోషించాలి కదా, నాకు భయం ఇంకా పెరిగింది. పైకి కనపడని నొప్పిని నా కోసం దిగమింగి నడుస్తోందేమో అనిపించింది. పెళ్లిళ్ల కోసం దాన్ని అలా తిప్పానా అనిపించింది. ఏడుపొచ్చింది. గుర్రం మెడ మీద తల పెట్టి ఏడిస్తే ఎవరికీ కనపడదు. మేకలతో ఆ సౌకర్యం లేదు, అదొక్కటీ ఒప్పుకోవాలి.

ఆ వారంలోనే సిటీ నుంచి జంతువులను కాపాడేవాళ్లమని ఇద్దరు కారులో వచ్చారు. చెడ్డవాళ్లు కాదు. చుక్కికి బిస్కెట్లు తెచ్చారు, నాకు తేలేదు. కుంటి గుర్రాన్ని మెరవణిలో తిప్పడం నేరమని, పశువుల డాక్టరు చూసి కుంటుతోందని చెబితే చుక్కిని దూరంగా ఉన్న శరణాలయానికి తీసుకుపోతామని, కొట్టం కూడా నడవనివ్వమని మర్యాదగానే చెప్పారు.

"ఆడ బాగా చూసుకుంటారు సార్" అన్నాడు వాళ్లలో ఒకాయన.

"బాగా సూసుకుంటారులేప్పా. పక్కన నడిసేది ఎవురు?"

ఆయన చుక్కికి ఇంకో బిస్కెట్ పెట్టాడు. అడిగాను గానీ, నాకూ అనుమానంగానే ఉంది. గుర్రానికి నిజంగా నొప్పి ఉంటే వాళ్లు తీసుకుపోవడమే న్యాయం.

డాక్టరమ్మ పగ్గం పట్టిన రోజు

చెప్పిన రోజుకు పశువుల ఆస్పత్రి నుంచి డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. వస్తూనే ఉన్నమాట చెప్పేసింది. "పెద్దాయనా, ఈడ నాకొచ్చేవన్నీ గొర్రెలు, ఎనుములు. గుర్రాన్ని చూసింది తక్కువ. తొందరపెట్టొద్దు." తెలియనిది తెలియదన్న డాక్టరును చూడగానే నాకు సగం ధైర్యం వచ్చింది. వెనకాలే సిటీవాళ్లు, ఆ వెనక గుర్రాన్ని ఎక్కించుకుపోవడానికి తెచ్చిన వ్యాను. దాని తలుపు ముందే తెరిచి పెట్టారు. ఆ తలుపు కనపడకుండా చుక్కిని అటు తిప్పి నిలబెట్టాను.

"నడిపియ్యండి" అంది డాక్టరమ్మ.

చుక్కి పగ్గం పట్టుకుని కొట్టం ముందు నడిపించాను. గేటు దాకా పోయి తిరిగొచ్చాను.

"కుంటుతాండాది పెద్దాయనా" అంది డాక్టరమ్మ మెల్లగా. సిటీవాళ్లు తలలూపారు.

ఆమె కూర్చుని చుక్కి కాళ్లన్నీ చూసింది. మడిచింది, చాచింది, గిట్టలు తట్టింది. నేను చూసినట్టే చూసింది, నాకు దొరకనట్టే ఆమెకూ ఏమీ దొరకలేదు. లేచి, చేతులు దులుపుకుని, మళ్లీ నడిపించమంది. ఈసారి ఆమె గుర్రాన్ని చూడలేదు. నన్ను చూసింది. నా చెయ్యి తొడ మీద పడటం, కాలు నిలదొక్కుకోవడం, ఒళ్లు ముందుకు ఊగడం చూసింది.

"మీరు కూచోండి. పగ్గం నాకియ్యండి."

ఆమె చదువులో నేర్పినట్టు చుక్కికి ఎడమ పక్కకు పోయింది. కుడి చేత్తో పగ్గం పట్టుకుని బయల్దేరింది. చుక్కి ఒకసారి కుడి పక్కకు తల తిప్పి నా కోసం చూసింది. అక్కడ నేను లేను. తర్వాత డాక్టరమ్మతో పాటు నడిచింది, టకటకమని, ఎక్కడా ఆగకుండా, తల దించకుండా. పెళ్లికొచ్చిన ఏ గుర్రమూ అంత చక్కగా నడిచి ఉండదు.

గేటు దగ్గర డాక్టరమ్మ ఆగి, ఈసారి కుడి పక్కకు మారింది. నాలాగే ఎడమ చేత్తో పగ్గం పట్టుకుంది. చుక్కి ఒక అడుగు వేసింది, ఆగింది. ఇంకో అడుగు వేసింది, ఆగింది. అలవాటు లేని డాక్టరమ్మ ముందుకు తూలి పడబోయింది. రేష్మ పకపకా నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వుతూ వచ్చి నా ముందు నిలబడింది.

"కాలు బాగుండాది పెద్దాయనా. ఇది కుంటడం గాదు. కుడి పక్కన మనిషుంటే, ఆ మనిషి కాలు నిలదొక్కుకునేదాకా ఆగుతాండాది."

నేను చెయ్యి చాచి చుక్కి నుదుటి మీద చుక్కను నిమిరాను.

"ట్రైనింగ్ ఇచ్చినారా సార్?" అన్నాడు సిటీ ఆయన.

"నాకే తెల్దప్పా. నేను నేర్పిచ్చింది పడేది ఒగటే. ఆగేది అదే నేర్సుకున్యాది."

రేష్మ పగ్గం విప్పి చుక్కిని పెన్న ఇసకలోకి వదిలింది. అది ఎగిరి తన్ని, తోక పైకెత్తి, వంతెన దాకా దౌడు తీసింది. కుంటి గుర్రమట. వ్యాను తలుపు మూసుకుని ఖాళీగా వెళ్లిపోయింది. మిగిలిన బిస్కెట్లు మాత్రం వాళ్లు వదిలేసి పోయారు, నేనూ రెండు తిన్నాను.

కొత్తగా వచ్చేవాళ్లు దీన్నుంచి తీసుకోవాల్సింది ఇది. గుర్రం మీరు నేర్పినది నేర్చుకుంటుంది, నేర్పుతున్నామని మీకే తెలియనిది ఇంకా బాగా నేర్చుకుంటుంది. అందుకని మీ గుర్రాన్ని అప్పుడప్పుడు వేరేవాళ్ల చేతికిచ్చి దూరం నుంచి చూడండి. అది దాని గురించి కాదు, మీ గురించి చెబుతుంది. ఈ సంగతి ఊళ్లన్నీ తిరిగాక మల్లన్న మాత్రం దీన్నుంచి వేరే నీతి తీశాడు. ఫోను చేసి, "దస్తగిరీ, జనం ఆ ఆగే గుర్రమే కావాలంటాండారు, నువ్వు గూడా ఫొటోలో ఉండాలంట" అన్నాడు. శకునాలు కూడా గిరాకీని బట్టి మారతాయి.

పగ్గం చేతులు మారాక

తర్వాత కొన్నేళ్లకు మంచి కాలు కూడా మొండికేసింది. ఇన్నాళ్లూ రెండు కాళ్ల పని ఒంటరిగా చేసింది, దాన్ని తప్పుపట్టలేను. తుంటి నొప్పితో మెరవణి నడవలేక, కొట్టం రేష్మకు అప్పజెప్పాను. ఆడపిల్ల గుర్రం పట్టుకోవడమేంటని మా బంధువులు గొణిగారు. నాయన ఉంటే దీనికీ ఏదో ఒకటి అనేవాడు. నాకు తోచక, పేడ తట్ట ఎత్తమన్నాను. మళ్లీ రాలేదు.

రేష్మకు ఒక్కటే గట్టిగా చెప్పాను. "నీకు రెండు కాళ్లూ బాగుండాయి. నువ్వు ఎడమ పక్కనే నడు. సుక్కి తిన్నగా వస్తాది. ఎవురూ నోరెత్తరు. నా కుంటి నడక నాతోనే పోనీ."

"సరే పెద్నాయనా" అంది. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మొన్న ఉరవకొండలో పెళ్లి. ఇన్నేళ్లయినా ఎదురుగా నిలబడి మా మెరవణి చూడలేదు కదా, ఈసారి చూద్దామని ఆటోలో పోయి సందు మొదట్లో ఆపించాను. సాయంత్రం ఎండ వీధంతా పడి ఉంది. ముందు బ్యాండు వచ్చింది. తర్వాత చుక్కి, దాని మీద తలపాగా సర్దుకుంటూ పెళ్లికొడుకు. రేష్మ చుక్కికి కుడి పక్కన ఉంది. పగ్గం ఎడమ చేతిలో ఉంది.

చుక్కి ఒక అడుగు వేసి ఆగుతోంది. పక్కన రేష్మ కూడా ఒక అడుగు వేసి ఆగుతోంది. రెండు మంచి కాళ్లున్న పిల్ల, ఒళ్లు కొంచెం ముందుకు ఊపి, నిలదొక్కుకుని, మళ్లీ అడుగు వేస్తోంది. తొడ మీద చెయ్యి ఒక్కటే తక్కువ. మిగతాదంతా నా నడకే. నేను గుర్రానికి నేర్పాను, గుర్రం రేష్మకు నేర్పింది. కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. ఆ వీధిలో గుర్రం మెడ చాటున తల దాచుకుని నడిచినవాడిని నేను. ఆ నడకే ఇప్పుడు తలెత్తుకుని వీధి మధ్యలో వస్తుంటే, నేనూ ఆటోలోంచి తల బయటపెట్టాను.

ఆటో పక్కన నిలబడ్డ పెళ్లి పెద్ద ఒకాయన రేష్మను కేకేశాడు. "ఏం పాపా, కాలికేమైంది?"

"కాలికేం కాలేదన్నా" అంది రేష్మ ఆగకుండానే. "ఇది మా కొట్టం నడక."

ఆటోవాడు నా వైపు తిరిగాడు. "దిగుతావా సామీ, వాళ్లతో పాటు నాలుగడుగులు ఏస్తావా?"

"వద్దప్పా" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "ముగ్గురం ఒగటే తీరుగా పోతే, పెండ్లోళ్లు రోడ్డే వంకరుందనుకుంటారు."